రూఢి చెప్పని సాక్షి

రాజమ్మ కూతురి చీరలు మడిచి సంచిలో పెడుతోంది. కృపామణి ఒక్కొక్కటే బయటికి తీసి దండెం మీద వేస్తోంది.

"ఏందే ఈ ఆట? రేపు గుళ్లో సాక్ష్యం కాగానే పెళ్లి. ఎల్లుండి యోబుతో ఈపూరు పోవాలి."

"నేను పోను. నా మొగుడు చచ్చినట్టు రూఢి అయిందా?"

"మిలటరీ కాగితం వచ్చింది గదే!"

"ఆచూకీ లేదని వచ్చింది. పోయాడని రాలేదు. నాకూ చదవడం వచ్చు."

కృపామణి భర్త దానియేలు పటాలంలో చేరి సింగపూరు వెళ్లాడు. నలభైరెండులో ఆ కాగితం వచ్చింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఇప్పుడు యుద్ధమే అయిపోయింది.

గురజాల పక్కన ఆ పల్లెలో రూఢి కాని సంగతంటూ ఉండదు. మాచర్ల బండి ఆలస్యమని రూఢి. సారమ్మ గేదె ఈసారి పెయ్యదూడనే ఈనుతుందని రూఢి. దున్నదూడ పుట్టాక, అది కూడా ముందే రూఢి అన్నారు. దానియేలు చావు కూడా అట్లాగే రూఢి అయిపోయింది.

"ఎవరు చూశారు?" అని కృపామణి అడిగితే మాత్రం అందరూ పక్కవాళ్ల మొహం చూసేవాళ్లు.

పాస్టరుగారు మాత్రం ఆ రూఢిని ఒప్పుకోలేదు.

"కళ్లారా చూసినవాడొకడు సంఘం ముందు బైబిలు మీద చెయ్యేసి చెప్పాలి, అబ్రహామూ. అప్పుడే ఈ పిల్లకు మళ్లీ పెళ్లి. అది మన కట్టుబాటు."

కృపామణి తండ్రి అబ్రహాముకు అరవై దాటాయి. దగ్గొస్తే నెత్తురు పడుతోంది. తను పోతే పిల్లకు దిక్కెవరన్నదే ఆయన బెంగ.

ఆ రోజు శనివారం. పొద్దునే నరసరావుపేట స్టేషన్‌లో ఆయనకు ఖాకీ చొక్కా మనిషొకడు కనిపించాడు. బక్కగా ఉన్నాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు.

"ఏ ఊరు పోవాలి నాయనా?"

"మా ఊరు పోయి చూసొచ్చా. ఇంక ఏ ఊరూ లేదు."

"సింగపూరు యుద్ధంలో ఉన్నావా?"

"ఉన్నా."

అబ్రహాముకు అంతే చాలు. ఇంటికి తీసుకొచ్చి కోడికూర వండించాడు. కొత్త పంచె చేతిలో పెట్టాడు. గుళ్లో చెప్పాల్సిన మాట నాలుగుసార్లు చెప్పాడు. అతను తింటూ తలూపాడు.

కృపామణి అతనికి మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

"అబద్ధం చెప్పడానికొచ్చినోడికి నా చేత్తో నీళ్లా?" అని అతనికి వినపడేట్టే అంది.

అతను లేచి, కుండలో నీళ్లు తానే ముంచుకుని తాగాడు.

ఆదివారం గుడి నిండిపోయింది. యోబు పెళ్లిబట్టల్లో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

"పేరు?" అన్నారు పాస్టరుగారు.

"ఆరోగ్యస్వామి."

"ఊరు?"

అతను చంకలోని కొత్త పంచె రెండో చంకలోకి మార్చుకున్నాడు.

"ఎడ్లపాడు."

"దానియేలు చనిపోవడం నువ్వు కళ్లారా చూశావా?"

"లేదయ్యా."

గుడంతా గగ్గోలైంది. అబ్రహాము లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్, రాత్రి అన్నం తింటా తలూపావు గదరా!"

"కూర బాగుందని ఊపాను పెద్దాయనా."

"మన సంఘం కాని ఆర్సీయం వాణ్ణి తెస్తే ఇట్టాగే ఉంటది!" అంది సారమ్మ.

అబ్రహాము అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "నేను చానా రోజులు బతకను నాయనా. ఒక్క మాట. నీ సొమ్మేం పోయింది?"

"ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు ఊరికొకరు దొరుకుతారు. నన్ను మాత్రం అడగమాకు."

కృపామణి ఆడవాళ్ల వరసలోంచి లేచింది.

"విన్నారు గదా? రూఢి కాలేదు. ఇంక నా పెళ్లి మాట ఎత్తినోళ్లకు నేను జవాబు చెప్పను."

"కూర్చోవే!" అన్నాడు తండ్రి.

"కూర్చోను నాయనా. నాలుగేళ్లుగా అందరూ కలిసి నన్ను కూర్చోబెట్టారు."

జనం కోపమంతా ఆ కుంటివాడి మీద పడింది. తాగుబోతన్నారు. కూటికోసం వచ్చిన దొంగన్నారు. ఎవరో వీపు మీద చరిచి మెట్ల దాకా నెట్టారు. అతను పంచె మడత విప్పకుండా గుమ్మం దగ్గర పెట్టి, కాలీడ్చుకుంటూ రోడ్డెక్కాడు.

ప్రమాణానికి భయపడ్డాడనే కృపామణి కూడా అనుకుంది. వెనక్కి పిలవలేదు.

ఫిబ్రవరిలో దానియేలు వచ్చాడు.

మూడున్నరేళ్లు జపానువాళ్ల చెరలో, ఆర్నెల్లు ఆసుపత్రిలో ఉన్నాడట. ఎముకలు లెక్కపెట్టొచ్చు. అబ్రహాము అల్లుడి కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు.

కృపామణి వారం ఆగి మొగుడితో అంది:

"ఆ ఆరోగ్యస్వామే లేకపోతే నువ్వొచ్చేసరికి నేను యోబు ఇంట్లో ఉండేదాన్ని. ఎడ్లపాడు పోదాం పద. దణ్ణం పెట్టి ఇంటికి పిలుచుకొద్దాం."

ఎడ్లపాడులో అడిగితే ఒక ఇల్లు చూపించారు. వాకిట్లో ఫిలోమినా అనే ఆమె పసివాణ్ణి చంకనేసుకుని మిరపకాయలు ఆరబోస్తోంది.

"ఆరోగ్యస్వామిగారి ఇల్లు ఇదేనా అమ్మా?"

ఆమె చెయ్యి ఆగింది.

"ఆయన నా మొదటి పెనిమిటి అక్కా. సింగపూరులో పోయాడు. నలభైమూడులో ఒకాయన వచ్చి, కళ్లారా చూశానని గుళ్లో ప్రమాణం చేశాడు. రూఢి అయ్యాకే వీడి నాయన్ని చేసుకున్నాను."

'ఎవరు చూశారు?' అన్న మాట కృపామణి గొంతు దాకా వచ్చింది. నాలుగేళ్లు ఊరందరినీ నిలదీసిన మాట. పసివాడు తల్లి మెళ్లో సిలువ పట్టుకుని లాగుతున్నాడు.

"ఆయన్ని మీరెరుగుదురా?" అంది ఫిలోమినా.

"లేదు చెల్లీ. పేరు విన్నాం, అంతే."

దానియేలు ఏదో అనబోతే, కృపామణి అతని చెయ్యి గట్టిగా పట్టుకుని రోడ్డు వైపు నడిచింది.

1945 డిసెంబరు తొమ్మిది, ఆదివారం మధ్యాహ్నం గురజాల రోడ్డెక్కిన ఆరోగ్యస్వామి మళ్లీ ఏ ఊరికీ తిరిగి రాలేదు.