మళ్ళీ అడిగిన దువా

అన్న హారూన్ చేసిన ద్రోహం జిలానీకి ఇంకా మండుతూనే ఉంది. ఇద్దరి చెమటతో కొన్న లారీని అన్న తన ఒక్కడి పేరున రాయించుకున్నాడు. జిలానీ ముక్త్యాలలో సిమెంటు బస్తాలు మోస్తున్నాడు. ఇప్పుడు హారూన్ వాటాకొచ్చిన పొలం కాగితాల్లో పొరపాటున జిలానీ పేరుకెక్కింది. అమ్మితే సొంత లారీ వస్తుంది. కొంటానన్నది అతనికి పనిచ్చే మేస్త్రీయే. వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

లోపల జిలానీ మళ్ళీ నమాజు చాప పరిచాడు.

"దారి చూపమని అల్లాను పొద్దున్నే అడిగావు కదయ్యా," అంది భార్య గుల్షన్.

"ఇంకోసారి ఇస్తిఖారా దువా చదువుతా. అమ్మడానికి మనసొప్పట్లేదు."

"నిన్నా అదే అన్నావు. మనసులో పడేదే కదా జవాబు. అది రాలేదా, వచ్చింది నచ్చలేదా?"

"వాడు నన్ను ముంచినప్పుడు అల్లా ఏం చేశాడే?"

"దానికి మీ అన్న చెప్పుకుంటాడు. నువ్వడిగింది నీ సంగతి."

ఇన్నాళ్ళూ తాను బేరమాడుతున్నది ఎవరితోనో జిలానీకి అప్పుడు తెలిసొచ్చింది. చాప మడిచి వాకిట్లోకొచ్చాడు.

"అమ్మనండి. పొలం మా అన్నది. జగ్గయ్యపేట రిజిస్ట్రారాఫీసుకెళ్ళి ఆయన పేరున రాసిస్తా."

మేస్త్రీ నింపాదిగా లేచి చెప్పులేసుకున్నాడు.

"మీ అన్నైతే నీకు రాసిచ్చేవాడా?"

"ఇవ్వడండి."

"అంత మంచోడివి బస్తాలు మోయడమెందుకులే. రేపట్నించి పనికి రాకు. నిన్ను ఇంకెవడు పెట్టుకుంటాడో నేనూ చూస్తా."

కూలీ పోయింది. ఆ పొలం, వత్సవాయి పత్తి చేను, ఎకరా ముప్పై రెండు సెంట్లు, హారూన్‌కు పోయింది.