వేసిన వాయిదా

“ఈ నెల ట్యూషన్ల డబ్బేదీ?” కొత్త బండి తుడుస్తూనే అన్నయ్య చెయ్యి చాపాడు. “డిగ్రీకి చేసిన అప్పే నెత్తిన కూర్చుంటే, పైన పీజీ ఒకటి మహారాణికి!”

చెల్లెలు పర్సు తీయలేదు. “బ్యాంకుకెళ్ళొచ్చా. పీజీ అయ్యేదాకా కట్టక్కర్లేదట. పోయినేడు నువ్వు నాతో సంతకం పెట్టించింది అందుకేనట. మరి నెలనెలా నా దగ్గర డబ్బు తీసుకుని, వాయిదా వేశానన్నావే?”

“వేశాననే అన్నాను. కట్టానన్నానా?” అన్నయ్య ఇకిలించాడు.

ఈ తెలివి టెన్తులో ఏడిస్తే మూడుసార్లు తప్పేవాడు కాదు. ఇన్నాళ్ళూ తను తలొంచింది ఈ ఇకిలింపుకా అని ఆమెకి రోత పుట్టింది.

“సరేలే, నస ఆపి ఈ నెలది తియ్యి.”

“వాయిదా వేశానన్నయ్యా,” అంది చెల్లెలు.