ఉగాండాకి రానూపోనూ

రుత్విక్‌ని అమెరికా నుంచి ఎలా వదిలించుకోవాలా అని ధర్మారావు ఏడాదిగా బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే, వెతకబోయిన తీగ వంటింట్లో కాలికి తగిలింది.

"పాపం, ఆ అబ్బాయికి వీసా స్టాంప్ డేట్ అయిపోయిందటండీ," అంది ఛాయాదేవి బెండకాయలు తరుగుతూ. "ఇక్కడే ఉండి ఉద్యోగం చేసుకోవచ్చట గానీ, దేశం దాటితే మాత్రం కాన్సులేట్‌లో మళ్లీ స్టాంపింగ్ అయ్యేదాకా రానివ్వరట."

ధర్మారావు పైకి "అయ్యో" అన్నాడు. లోపల మనసు గంతులేసింది.

రుత్విక్ చెడ్డవాడేం కాదు. నిజామాబాద్ నుంచి చదువుకి వచ్చి, వీళ్లుండే క్యారీ ఊళ్లోనే ఉద్యోగం చేసుకుంటూ తన మానాన తను బతుకుతున్నాడు. వంక పెట్టడానికి ఒక్కటీ దొరక్కపోవడమే ధర్మారావు కడుపుమంట. పైగా కూతురు పూజిత వాణ్నే చేసుకుంటానంటోంది. ధర్మారావు అనుకున్న అల్లుడు వేరు. పేరు నీల్. అతనిలోని గొప్ప గుణం ఏమిటంటే, ఇల్లు పక్క వీధిలోనే. పెళ్లయినా ఒక్కగానొక్క కూతురు కళ్లెదుటే ఉంటుంది, సాయంత్రం నడుచుకుంటూ వెళ్లి చూసి రావచ్చు. కన్నతండ్రి కోరదగ్గ కోరికే. కూతుర్ని అడగడం ఒక్కటే మర్చిపోయాడు.

పూజిత పశువుల డాక్టరు చదువు అప్పుడే ముగించింది. చిన్నప్పట్నుంచీ ఆ పిల్లకి గొరిల్లాలంటే పిచ్చి. అవి ఉండేది ఉగాండా కొండల్లోనని ఆ పూట బెండకాయలు తరుగుతూ ఛాయాదేవే అంది.

"నీ గ్రాడ్యుయేషన్ గిఫ్ట్‌గా ఉగాండా వెళ్తున్నామమ్మా," అన్నాడు ధర్మారావు ఆ ఆదివారమే. "సింహాలూ ఏనుగులూ చూసుకుని, చివర్న కొండెక్కి గొరిల్లాలు." కాస్త ఆగి గొంతులో తేనె కలుపుకున్నాడు. "రుత్విక్‌ని కూడా రమ్మను. కుర్రాడు ఎప్పుడూ ఎక్కడికీ వెళ్లి ఎరగడు."

"రియల్లీ నాన్నా? నువ్వు ఓకేనా?"

"దగ్గరగా చూస్తేనే కదమ్మా ఏ ప్రాణి ఎలాంటిదో తెలిసేది."

రుత్విక్ వచ్చి సోఫా అంచు మీద కూర్చున్నాడు. "అంకుల్, నా స్టాంప్ ఎక్స్‌పైర్ అయింది. బయటికి పోతే వాపస్ రానిస్తరా?"

"కెనడా వెళ్లి నెలలోపు తిరిగొచ్చేవాళ్లకి స్టాంపింగ్ అక్కర్లేదు కదయ్యా. ఉగాండాకీ అదే రూలు. మా లాయర్‌ని కనుక్కున్నాగా."

లాయర్‌ని కనుక్కున్న మాట నిజం. ఆ రూలు పక్కనున్న దేశాలకే గానీ ఆఫ్రికాకి చెల్లదని లాయరు చెప్పిన మాట కూడా నిజమే. రెండోది చెప్పలేదంతే.

"మీరు చెప్పినంక ఇంకేముంది అంకుల్," అన్నాడు రుత్విక్.

వీసా సంగతంటే నలుగురు లాయర్లని అడిగిగానీ నిద్రపోని జాతి ఇలాంటి కుర్రాళ్లది. వీడు ఇంత తేలిగ్గా నమ్మేసరికి ధర్మారావుకే జాలేసింది. ఆ జాలి భోజనాలయ్యేదాకా ఉంది.

ఇక అక్కణ్నుంచి చూడాలి ఆయన శ్రద్ధ. పిల్ల పెళ్లికి ముహూర్తం పెట్టుకున్న తండ్రి కూడా అంత తిరగడు. ఎల్లో ఫీవర్ టీకాకి రుత్విక్‌ని తన కారులో తీసుకెళ్లాడు. గొరిల్లాల పర్మిట్ మీద పేరు తప్పు పడుతుందేమోనని పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని చూశాడు. కొండెక్కే బూట్లు తొడిగించి షాపంతా నడిపించాడు. మనుషుల జలుబు గొరిల్లాలకి అంటుకుంటే ప్రమాదమని, దగ్గేవాళ్లని గైడ్లు పైకి పోనివ్వరట. ఆ వంకతో వీడు ప్రయాణమే మానుకుంటే? రుత్విక్ ఒకసారి తుమ్మాడని తెలిసి, శొంఠి కషాయం స్వయంగా కాచి ఫ్లాస్కులో పోసి ఇచ్చొచ్చాడు.

తిరుగు ప్రయాణంలో వాణ్ని ఎయిర్‌పోర్టులో ఆపేసినప్పుడు తను పెట్టాల్సిన ముఖం కూడా బాత్రూమ్ అద్దంలో ప్రాక్టీస్ చేశాడు. కనుబొమలు కొంచెం పైకి, పెదవులు కొంచెం కిందికి. "అయ్యో, రూలు మార్చేశారేమో బాబూ" అనాలి. ఆ తర్వాత వాడు అక్కడ కాన్సులేట్ చుట్టూ ప్రదక్షిణలు చేసుకుంటాడు. ఇక్కడ నీల్ సాయంత్రాలు కాఫీకి వస్తాడు.

ఛాయాదేవి మాత్రం అన్నిటికీ "మీ ఇష్టమండీ" అంది. బయల్దేరే రోజు పట్టుచీర కట్టుకొచ్చింది.

"గొరిల్లాలు చూసి మెచ్చుకోవాలనా?" అన్నాడు ధర్మారావు.

"ఉండనీండి," అంది ఆవిడ.

బ్యాగులు బెల్టు మీద వెళ్లిపోయాయి. నలుగురూ గేటు దగ్గర కూర్చున్నాక, రుత్విక్ గొంతు సవరించుకున్నాడు.

"అంకుల్, ఆ నెలలోపు రూలు ఉగాండాకి లేదు. నాకు మొదటి సంది ఎర్కే."

ధర్మారావు చటుక్కున వాడి వైపు తిరిగాడు. "మరి తెలిసీ ఎందుకొస్తున్నావయ్యా? మళ్లీ రాలేవు కదా?"

"వచ్చేది లేదంకుల్. నా పని ల్యాప్‌టాప్ ఉంటే ఏడికెల్లైనా చేస్కోవచ్చు."

ధర్మారావుకి ఆ సీట్లోంచి లేచి ఎవరికైనా దణ్ణం పెట్టాలనిపించింది. శత్రువు తనంతట తనే పోతున్నాడు, చేతికి పాపం కూడా అంటలేదు. ఇక మిగిలింది కూతుర్ని ఓదార్చడమే. ముఖం సర్దుకుని పూజిత వైపు తిరిగాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటోంది.

"సారీ నాన్నా. మేం కోర్ట్‌హౌస్‌లో మ్యారేజ్ చేసుకున్నాం. అక్కడ గొరిల్లాల హాస్పిటల్‌లో నాకు జాబ్ వచ్చింది. నేను కూడా రిటర్న్ రావట్లేదు."

బోర్డింగ్‌కి పిలిచారు. అందరూ లేచారు, ధర్మారావు తప్ప. దిక్కు తోచక భార్య వైపు చూశాడు.

"లేవండి," అంది ఛాయాదేవి ఆయన చెయ్యి పట్టుకుని. "పిల్లని కాపురానికి దిగబెట్టడానికి తండ్రి లేకపోతే ఏం బావుంటుంది? పిలిస్తే రారని, ఆ వీసా మాట మీ చెవినేసి, ఈ ప్రయాణం మీచేతే పెట్టించాను."