తవిటయ్య చెవి

తవిటయ్య సుత్తితో చక్రాన్ని కొట్టాడు. కళ్లు మూసుకుని తల కాస్త వంచాడు.

"ఠీక్ హై."

కిరణ్మయి ట్యాబ్ మీద పచ్చ బొత్తాం నొక్కింది.

ఖరగ్‌పూర్ శివార్లలోని ఆ షెడ్డుకి రైలు చక్రాలు రిపేరుకి వస్తాయి. గంటలా మోగితే మంచి చక్రం. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ తీర్పు తవిటయ్యదే. ఆయన సరేనన్న చక్రాల మీదే జనం నిశ్చింతగా నిద్రపోతూ హౌరా వెళ్తున్నారు.

ఇప్పుడా విద్యను ఏఐకి నేర్పుతున్నారు. మైకు దెబ్బను వింటుంది. మంచో చెడో తవిటయ్య చెబుతాడు. అది నేర్చేసుకుంటే ఇక సుత్తి పట్టే మనిషి అక్కర్లేదు.

"నీ పని లాక్కోడానికొచ్చినానని కోపమేటి, పెదనాన్నా?" వెనకనుంచి అడిగింది కిరణ్మయి. కంపెనీ ఇంజినీరైనా, తెలుగువాళ్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ పిల్లే.

జవాబు లేదు. భుజం తట్టింది.

"పెద్దోళ్లతో ఎదరకొచ్చి మాటాడాలమ్మా."

ఎదురుగా వచ్చి మళ్లీ అడిగింది.

"కోపమెందుకే తల్లీ! రెండు నెలల్లో రిటైరైపోతాను. అందాకా నన్నీ షెడ్డులో ఉండనిత్తే సాలు."

మధ్యాహ్నం భార్య అప్పలకొండ కేరేజీ తెచ్చింది. గేటు దగ్గర తవిటయ్య దారికి అడ్డంగా నిలబడితే, వెనక టోటో రిక్షావాడు హారన్ మోగించీ మోగించీ విసిగిపోయాడు. పని ధ్యాసలో పడితే ఈయనగారికి లోకం పట్టదు మరి! ఆవిడే రెక్క పట్టి పక్కకు లాగింది.

"ఆ పిల్లకి ఇప్పుడైనా సెప్పేయ్. నాకు బయ్యంగుంది."

"సెప్తే రేపే ఇంటికి పంపీగలరే!"

రెండు నెలలు. నాలుగు వేల చక్రాలు. నూటికి తొంభై తొమ్మిదిసార్లు మెషీను కూడా తవిటయ్య మాటే చెప్పింది. కంపెనీవాళ్లు మురిసిపోయారు.

రిటైరైన రోజు ఆయన మెడలో దండ పడింది. ఆ ఉదయమే మరో పదకొండు షెడ్లలో మెషీను బిగించేశారు. అక్కడి సుత్తులు గోదాముకి పోయాయి. పచ్చ దీపం వెలిగిన చక్రాలు అప్పుడే పట్టాలెక్కుతున్నాయి.

కిరణ్మయికి ఏడుపొచ్చింది. ఫోనుకి తగిలించిన హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టింది.

"ఇందులో ఒక చక్రం దెబ్బ ఉంది, పెదనాన్నా. మంచిదో కాదో ఆఖరిసారి నువ్వే సెప్పు."

తవిటయ్య కళ్లు మూసుకుని తల కాస్త వంచాడు.

"ఠీక్ హై."

కిరణ్మయి వేలు ఇంకా ప్లే బొత్తాం దాకా వెళ్లనే లేదు.