మూడో నంబరు చీటీ

"పన్నెండు మందే మాట్లాడాలట!"

టెస్సా ఆ మాట అనడం అది నాలుగోసారి. ఈసారి వినేవాళ్ళు దొరక్క గోడతోనే అంది.

రాష్ట్ర రాజధాని మేడిసన్‌లో శాసనసభ భవనం, రెండో అంతస్తు వరండా. ఇంకో పావుగంటలో లోపల కమిటీ ముందుకు బిల్లు వస్తుంది. పేపర్ మిల్లులు కాగితం చేశాక మిగిలే వ్యర్థపు మడ్డికి ఎరువని పేరు పెట్టి పొలాల్లో చల్లకూడదని ఆ బిల్లు. మాట్లాడాలనుకున్న జనం నంబరు చీటీ తీసుకోవాలి. తలా రెండు నిమిషాలు.

టెస్సా తన ఊరి నుంచి నలభై మందిని బస్సెక్కించి తెచ్చింది. అందరికీ పచ్చ చొక్కాలు తొడిగించింది. వాళ్ళు బలం చూపించడానికే, ఎవరూ చీటీ తీసుకోలేదు. తీరా అందరి తరఫునా మాట్లాడాల్సిన అసలు మనిషి, కెమిస్ట్రీ ప్రొఫెసర్ హాల్వర్సన్, దారిలో మంచుకు చిక్కుకుని ఆలస్యంగా దిగాడు. ఆయనకు దొరికిన నంబరు ఇరవై రెండు.

టెస్సా వాళ్ళ నాన్నకు అరవై ఆవులు. పక్క పొలంలో దగ్గర్లోని మిల్లు మడ్డి చల్లాక వాళ్ళ బావి నీళ్ళు చెడిపోయాయి. ఆ నీళ్ళు తాగిన ఆవుల పాలు మాకొద్దంటూ డెయిరీ లారీ రావడం మానేసింది. ఏడు నెలలుగా ఆయన రెండు పూటలా పాలు పితకడం, తీసుకెళ్ళి పేడగుంటలో పారబోయడం. ఏప్రిల్లో మళ్ళీ చల్లుతారు. ఈ బిల్లు పోతే ఆవుల్ని కబేళాకు తోలడమే.

అందుకే ఆమెకు కాలు నిలవడం లేదు.

బెంచీల మీద కూర్చున్నవాళ్ళ చీటీలు తొంగి చూసుకుంటూ పోయింది. చివరి బెంచీలో ఒక ముసలావిడ. ఊదా రంగు కోటు, మంచు బూట్లు. పచ్చ చొక్కా లేదు. చేతిలో మాత్రం మూడో నంబరు చీటీ ఉంది.

"మామ్మగారూ, మీరు బిల్లు వైపా, మిల్లు వైపా?"

"బిల్లు వైపే తల్లీ. నా పేరు మార్లిస్. తలుపులు తీయకముందే వచ్చి నిలబడ్డాను."

"ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా మాట్లాడారా?"

"చర్చిలో కూడా నోరెత్తలేదు."

టెస్సాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే మీ నంబరు మా ప్రొఫెసరుగారికి ఇచ్చేయండి. ఆయన చక్కగా చెప్తారు."

"నేను చెప్పాల్సింది ఒకటుందమ్మా. ఆ మడ్డి సంగతి..."

"అందరికీ ఉందండీ! నాకు లేదా? మా నాన్నకు లేదా? మన ఏడుపులు వాళ్ళు చాలా విన్నారు. ఇప్పుడు కావాల్సింది బాగా చదువుకున్నవాళ్ళ మాట."

"ఆయన ఆ మిల్లులోకి వెళ్ళి చూశాడా?"

"చూడకపోయినా చెప్పగలడు. ఆయన రాసినవి మా అటక మీద కూడా పట్టవు."

"అది కాదమ్మాయ్, నేను..."

"మామ్మగారూ, మీకు దండం పెడతాను. టైమ్ లేదు."

మార్లిస్ చీటీని రెండు మడతలు పెట్టింది. మాట్లాడే పని తప్పినందుకు ఆమె ముఖంలో కొంచెం తేలికదనం, దాని వెనకే కొంచెం సిగ్గు.

"ఆయనే నయమేమోలే. నాకు మాటలు రావు" అంటూ చీటీ ఇచ్చేసింది. "అయితే నేను పది గంటల బస్సు అందుకుంటాను. మంచు ఎక్కువయ్యేలా ఉంది. ఇదిగో, ఈ చీజు ముక్కలన్నా నోట్లో వేసుకో. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేవు."

టెస్సా అప్పటికే ప్రొఫెసరు దగ్గరికి పరిగెత్తింది.

హాల్వర్సన్ నిజంగానే చక్కగా చెప్పాడు. రెండు నిమిషాలకు పది సెకన్లు ముందే ముగించాడు. టెస్సా ఒళ్ళో చేతులు బిగించి కూర్చుంది. సాయంత్రం నాన్నకు ఫోన్లో ఏం చెప్పాలో కూడా అనేసుకుంది.

కమిటీ అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసింది.

"ప్రొఫెసర్ గారూ, బావిలో విషం ఉంది, ఒప్పుకుంటాను. అది మిల్లు నుంచే వచ్చిందని ఎలా చెప్తారు? గేటు దాటేటప్పుడు తమ మడ్డి శుభ్రంగానే ఉందని వాళ్ళు కాగితాలు చూపిస్తున్నారు."

"వాళ్ళు నన్ను గేటు లోపలికి రానివ్వలేదు మేడమ్."

"పోనీ, లోపల చూసినవాళ్ళు ఎవరన్నా మాట్లాడతారా?"

నలభై పచ్చ చొక్కాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాయి.

పన్నెండో మనిషి ముగించగానే ఓటింగు పెట్టారు. ఏడుగురు వద్దన్నారు, ఆరుగురు కావాలన్నారు. మళ్ళీ ఇలాంటి బిల్లు రావాలంటే రెండేళ్ళు.

టెస్సా బయటికొచ్చి బెంచీ మీద కూలబడింది. ఒక్క ఓటు. ఫోను తీసింది, నాన్న నంబరు నొక్కలేక మళ్ళీ జేబులో పెట్టేసింది.

మిల్లుల తరఫున సభ్యుల చుట్టూ తిరిగే రైన్‌హార్ట్ టోపీ పెట్టుకుంటూ అటుగా వచ్చాడు. దాటి వెళ్ళినవాడే వెనక్కి తిరిగాడు.

"టెస్సా గారూ, ఒక్క మాట. పొద్దున ఊదా కోటు మామ్మగారు మీ దగ్గర్నుంచి లేచి మెట్లు దిగి వెళ్ళిపోయారు. మీ మనిషేనా?"

"కాదు. ఎవరో పాపం. తన నంబరు మాకిచ్చి ఊరెళ్ళిపోయింది. ఏం?"

రైన్‌హార్ట్ ఆమె ముఖంలోకి వింతగా చూశాడు. ఎగతాళి చేస్తున్నట్టు లేడు.

"ఇరవై ఆరేళ్ళు ఆ మిల్లు ల్యాబులో మడ్డి పరీక్ష చేసింది ఆవిడే. ఇవాళ ఇక్కడ నోరు విప్పొద్దని మావాళ్ళు మూడుసార్లు ఇంటికెళ్ళి బతిమాలినా వినని మనిషిని, మీరెలా ఒప్పించారండీ?"