ఆగ్నేయంలో ఆక్సెస్ పాయింట్

"సంతకం పెట్టను," అన్నాడు హరికిషన్, లోవలక్ష్మి అందించిన సర్వీసు కాగితం వైపు చూడకుండానే. "మూడోసారి వచ్చినవమ్మా. నెట్ పోతనే ఉంది, నువ్వు వస్తనే ఉన్నవ్. ఈ వైర్‌లెస్ తీస్కపోయి మాకు మామూలు వైర్లే గుంజుండ్రి."

బోయిగూడలో ఒక పాత డాబా ఇంటి కింది అంతస్తు అద్దెకు తీసుకుని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసు నడుపుతున్నాడాయన. అమెరికా డాక్టర్లు రోగుల గురించి మాటల్లో చెప్పి పంపితే, ఇక్కడ పదిమంది అమ్మాయిలు విని టైపు చేసి వెనక్కి పంపాలి. గోడలకు కన్నాలు పెడితే ఊరుకోమని ఇంటివాళ్ళు చెప్పడంతో వైర్‌లెస్ పెట్టించుకున్నాడు. బిగించింది లోవలక్ష్మే. ఈసారి సంతకం లేకుండా తిరిగొస్తే రేపటినుంచి షాపులో కూర్చుని మౌసులూ కీబోర్డులూ అమ్ముకోవచ్చని ఆమె యజమాని అబ్రహాం పొద్దున్నే చెప్పేశాడు. నిచ్చెనెక్కే పనికి ఆడపిల్లెందుకని ఆయనకు మొదటినుంచీ సణుగుడే. అనకాపల్లి నుంచి ఇంతదూరం వచ్చింది మౌసులు అమ్మడానికి కాదని లోవలక్ష్మికి గట్టిగా తెలుసు. సంతకం పడందే ఈ గుమ్మం దాటేది లేదనుకుని భుజం మీది సంచీ దించింది.

నెట్ ఎప్పుడెప్పుడు పోతోందని టైపు చేసే అమ్మాయిలను అడిగింది. పదకొండింటికోసారి, ఒంటిగంటకు తప్పకుండా, నాలుగింటికి మళ్ళీ అని స్వర్ణలత అనే అమ్మాయి వేళ్ళు ముడిచి చెప్పింది. రోగం రోజూ వేళ తప్పకుండా వస్తోందంటే లోపం మందులో కాదు, పథ్యంలో ఉంది. లోవలక్ష్మి తల తిప్పి చూసింది. ఆగ్నేయ మూల గోడకు, వైర్‌లెస్ సిగ్నలు వెదజల్లే ఆక్సెస్ పాయింటు డబ్బా. సరిగ్గా దాని కింద, బల్ల మీద, టిఫిన్లు వేడి చేసుకునే మైక్రోవేవ్ ఓవెన్. ముందు రెండుసార్లూ తను వచ్చిన వేళకు ఓవెన్ నడవలేదు. డబ్బా మార్చి, అంతా బాగుందని చూసుకుని పోయింది. తనను తాను నాలుగు తిట్టుకుంది.

గిన్నెలో నీళ్ళు పోసి ఓవెన్ నడిపింది. హరికిషన్ ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటున్న పేజీ సగంలో నిలిచిపోయింది. ఓవెన్ ఆపితే కదిలింది. మళ్ళీ నడిపింది, మళ్ళీ ఆపింది. నాలుగోసారికి ఆయన నమ్మాడు.

రెండూ ఒకే జాతి తరంగాలతో పనిచేస్తాయని, ఓవెన్ అరుస్తున్నంతసేపూ డబ్బా మాట ఎవరికీ వినపడదని చెప్పింది. పైగా మూలన పెట్టినందువల్ల సగం సిగ్నలు గోడ దాటి వీధిపాలవుతోంది. హాలు నడిమధ్యన పైకప్పుకున్న పాత కొక్కేనికి బిగిస్తే ఓవెన్‌కూ దూరం, నాలుగు గదులకూ సమానంగా అందుతుంది.

హరికిషన్ మొహం గంటు పెట్టుకున్నాడు. "అది మాత్రం కాదు. ఓవెన్ అంటే అగ్ని, ఆగ్నేయంలనే ఉండాలె. డబ్బా కరెంటుది, అది సుత ఆగ్నేయమే. నడిమిట్ల బ్రహ్మస్థానం. పూచికపుల్ల బరువు సుత పెట్టొద్దని సిద్ధాంతిగారు చెప్పిండ్రు."

"తరంగాలకి దిక్కులు తెలీవండి."

"నాకు తెలుసు కదా."

ఇక్కడితో చేతులు దులుపుకుని పోవచ్చు. కస్టమరు ఒప్పుకోలేదని కాగితం మీద రాసుకోవచ్చు కూడా. కాని అబ్రహాం ఆ కాగితం చదివి నవ్వే నవ్వు ఆమెకు ఇప్పుడే వినపడింది. ఆ సిద్ధాంతిగారినే పిలవమంది. ఆయన ఎదురుగానే చెబుతానని, ఆయన కాదంటే మారుమాటాడకుండా పోతానని పట్టుబట్టింది. హరికిషన్ విసుక్కుంటూనే ఫోను చేశాడు.

ఐదు నిమిషాల్లో సోమయ్య సిద్ధాంతి వచ్చాడు. నుదుట విభూతి, చేతిలో దిక్సూచి. శాస్త్రం చదివినవాళ్ళతో వాదించి గెలవడం అయ్యే పని కాదని తెలిసినా లోవలక్ష్మి మొదటినుంచీ అంతా చెప్పింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. హాలు నడిమధ్యకు వెళ్ళి నిలబడ్డాడు, పైకి చూశాడు, దిక్సూచిలోకి చూశాడు, వేళ్ళమీద ఏదో లెక్క వేశాడు.

"ఇది అగ్ని కాదు హరికిషన్," అన్నాడు చివరికి. "గాలిల పోయే మాట. మాటంటే శబ్దం. శబ్దం ఆకాశానిది, ఆకాశానికి స్థానం నడిమిట్లనే. నేలకు ఆనని బరువుకు దోషం లేదు. పిల్ల చెప్పిన కాడనే పెట్టియ్యి."

హరికిషన్ నిచ్చెన తనే పట్టుకున్నాడు. డబ్బా బిగించడం అయ్యాక లోవలక్ష్మి ఓవెన్ నడిపిస్తూనే గది గదికీ ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది. ఎక్కడా ఆగలేదు. హరికిషన్ సంతకం పెట్టి, అడక్కుండానే దాని కింద వెరీ గుడ్ అని కూడా రాశాడు. లోవలక్ష్మికి ఏడుపొచ్చినంత పనైంది.

బయట మెట్ల దగ్గర సిద్ధాంతి చెప్పులు వేసుకుంటున్నాడు. ఆమె చేతులెత్తి దండం పెట్టి, శాస్త్రం ఇంత కచ్చితంగా చెబుతుందని అనుకోలేదంది. "మరి ముందు ఆగ్నేయం అని ఎందుకు చెప్పారండి?"

"అప్పుడు నాకాడ ల్యాప్‌టాప్ లేకుండె బిడ్డా." ఆయన పై అంతస్తు కిటికీ చూపించాడు. "మేముండేది అండ్లనే. డబ్బా మూలకుంటే నాకు సిగ్నల్ అందుతలేదు."

లోవలక్ష్మి తెల్లబోయింది. డబ్బా మొదట బిగించిన రోజు హరికిషన్ ఆమెను అటు తిరగమని, పది అంకెల పాస్‌వర్డు తనే స్వయంగా కొట్టుకున్నాడు. పెళ్ళానికి కూడా చెప్పనన్నాడు. "పాస్‌వర్డు మీకెవరు చెప్పారండి?"

"నాకు ఒకరు చెప్పుడేంది?" అన్నాడు సిద్ధాంతి మెట్లెక్కుతూ. "అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలెనని లెక్కగట్టి ఇచ్చిందే నేను."