ఎడమచేతి పిస్తోలు

నా రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. చెయ్యి ఇంకా నెమ్మదే. ఈ నాలుగు ముక్కలకే చలికాలమంతా పట్టింది.

"మళ్లీ దాన్నే ముందేసుకుని కూర్చున్నావా?" అంది వెర్లీన్.

డ్వైట్ తలెత్తలేదు. వంటింటి బల్లమీద పాత తువ్వాలు, దానిమీద కొత్తగా కొన్న చిన్న పిస్తోలు. అరచేతిలో ఇమిడిపోయేంతది. అతని కుడి నడుముకు ఎప్పుడూ ఉండే పెద్దది వేరు. అది లేకుండా డ్వైట్ గడప దాటిన రోజు లేదు. ఆ ఓక్లహోమా ఊళ్లో మగవాళ్లకి అది బెల్టుతో సమానం.

"కాఫీ చల్లారిపోతోంది."

"తాగుతాలే బంగారం."

"నా పెళ్లికి కూడా ఇంత ముస్తాబు జరగలేదు. మొన్న పిడి, నిన్న స్ప్రింగు. ఇవాళేంటి, పూలు పెడతావా?"

డ్వైట్ నవ్వుతూ కప్పు అందుకోబోయి జారవిడిచాడు. కాఫీ నేలపాలైంది.

"ధ్యాస ఎక్కడుంది నీకు?"

అతను జేబుల్లో చేతులు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

ఈమధ్య అంతా ఇంతే. ఊరగాయ సీసా మూత తీసిపెట్టమంటే "నువ్వే తీసుకో" అంటాడు. ఏటా ఆమె పుట్టినరోజు కార్డుమీద వంకర అక్షరాల్లో సొంతంగా రెండు మాటలు రాసేవాడు. ఈసారి అచ్చువేసిన మాటలు తప్ప పెన్ను గీత కూడా లేదు. మనసు వేరేచోటికి పోయిన మగాడికి ఇంతకంటే గుర్తులేం కావాలి?

ఆ మధ్యాహ్నమే ఆమె తుపాకుల దుకాణానికి వెళ్లింది. దాన్ని నడిపే రూయెల్ ఆమె కళ్లముందు పెరిగినవాడు.

"మా ఆయన ఆ చిన్నదానికి ఏమేం చేయించాడు రూయెల్?"

"చాలానే చేయించాడు వెర్లీన్ గారూ! పిడి చెక్కి సన్నం చేశాను. గురి చూసే చుక్కకి మెరిసే రంగు వేశాను. మెత్తటి స్ప్రింగు పెట్టాను, బలం లేని చేతికి కూడా లొంగేట్టు. తూటాల పెట్టె ఊడదీసే బొత్తాం అటువైపుకి మార్చాను, ఎడమచేతికి..." అంటూనే నాలుక కరుచుకున్నాడు.

"ఎడమచేతివాటం ఎవరిది? నాది కాదే."

"ఎవరికీ చెప్పొద్దన్నాడు. ముఖ్యంగా మీకు."

"నేను కనుక్కోలేననుకున్నాడా?"

"మీరు కనుక్కోలేనిదంటూ ఏముంది గానీ, నన్ను మాత్రం ఇరికించకండి."

ఆమెకు వెంటనే మార్నా గుర్తొచ్చింది. ఊరవతల మైదానంలో తుపాకి కాల్చడం నేర్పే మార్నా. చర్చి భోజనాల్లో ఎడమచేత్తో ఫోర్కు పట్టుకుని కిలకిలా నవ్వే మార్నా. ఆవిడ వేళ్లు ఎంత సన్నం! చెక్కిన పిడి వాటికోసమే.

వెర్లీన్‌కి ఒళ్లంతా కారం రాసినట్టయింది.

శనివారం డ్వైట్ మైదానానికి బయల్దేరగానే ఆమె పెట్టె సర్దింది. అనుమానం నిజమైతే అటునుంచి అటే తల్సాలో చెల్లెలి ఇంటికి. ఇక ఈ గుమ్మం తొక్కేది లేదు. పెట్టెను కారులో పడేసి అతని వెనకే వెళ్లింది.

నిజమే. తూటాల్ని ఆపే మట్టికట్ట ముందు ఇద్దరూ నిలబడి ఉన్నారు. మార్నా అతని ఎడమపక్కన భుజానికి భుజం ఆనించి, అతని చేతిని తన చేతుల్లోకి తీసుకుంది.

ఎడమపక్క! అది వెర్లీన్ చోటు. ఆ ఊళ్లో భార్యలు మొగుడికి పిస్తోలు లేనివైపే నడుస్తారు, అవసరానికి తుపాకి చెయ్యి ఖాళీగా ఉండాలని. చర్చికైనా, సంతకైనా, చావుకైనా పెళ్లినాటినుంచి ఆమె డ్వైట్ ఎడమచెయ్యి పట్టుకునే నడిచింది.

అతను చేతిలోని పిస్తోలు కింద పెట్టేదాకా ఆగింది. ఎంత కోపంలోనూ అక్కడ ఆ పద్ధతి తప్పకూడదు.

"నీ చేతులకి ఇంకెవరి మొగుడూ దొరకలేదా తల్లీ?"

మార్నా చప్పుడు ఆపే చెవిమూతలు తీసి తెల్లబోయింది. "నువ్వింకా చెప్పలేదా?" అని డ్వైట్‌ని గదిమి, గబగబా షెడ్డులోకి వెళ్లిపోయింది.

"ఎన్నాళ్లనుంచి?" అంది వెర్లీన్.

డ్వైట్ తల దించుకున్నాడు. "వేసవినుంచి."

"నాకెప్పుడు చెబుదామని?"

"రోజూ చెబుదామనే అనుకుంటాను. నీ మొహం చూస్తే నోరు పెగలదు."

"దాని దగ్గర మాత్రం పెగిలిందా?"

"మార్నాకి చెప్పక తప్పలేదు. ఆవిడ లేకపోతే నావల్ల కాదు."

"ఎంత ధైర్యంగా అంటున్నావు! సిగ్గుగా లేదూ?"

"ఉంది. అందుకే దాచాను."

వెర్లీన్‌కి దుఃఖం పొంగుకొచ్చింది. "పెట్టె కారులోనే ఉంది. తల్సా పోతున్నాను. ఇక మీరూ మీరూ ఏలుకోండి."

"కారుదాకా నాతో నడు. ఆ తర్వాత నీ ఇష్టం."

కళ్లనిండా నీళ్లు కమ్మడంతో, అతను చిన్న పిస్తోలు ఏ నడుముకు పెట్టుకున్నాడో ఆమె చూడలేదు. అలవాటుకొద్దీ ఎడమవైపుకి వచ్చింది. డ్వైట్ భుజంతో మెల్లగా ఆపాడు.

"అటు కాదు బంగారం. ఇకనుంచి కుడివైపు."

"నా చోటు కూడా దానికి ఇచ్చేశావన్నమాట!"

కసిగా అతని జేబులోంచి కుడిచెయ్యి లాగి, నొప్పి పుట్టేలా బిగించి పట్టుకుంది. తిరిగి బిగిస్తాడేమోనని చూసింది.

ఆ వేళ్లు కదిలాయి గానీ ముడుచుకోలేకపోయాయి.

ఓలీటా బ్రాష్, డెబ్బై ఆరేళ్లు. ఇప్పుడు ఉండేది మస్కోగీలో, మా అక్క కూతురి దగ్గర.